పాత భవనాలు, కొత్త గొట్టాలు: మెకానికల్ కాంట్రాక్టరు అర్హతలు - మన కర్తవ్యం
(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతులలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



ఈనాటి కార్యక్రమ పత్రంలో నా ప్రసంగ విషయాన్ని చూచి మీలో కొందరు ఆశ్చర్యపడి ఉండవచ్చును. కరువు భత్యం గురించి, పింఛను గురించి, ఖాళీల భర్తీ గురించి మాట్లాడవలసిన వేదికపై, భవనాలకు కొత్తరూపమిచ్చే పనులలో మెకానికల్ కాంట్రాక్టరుకు ఉండవలసిన అర్హతలను గురించి మాట్లాడుట ఏమిటని అడిగిన మిత్రులు కూడా ఉన్నారు. ఈ ప్రశ్నకు సమాధానం నా ప్రసంగం చివరకు మీకే దొరుకుతుందని ఆశిస్తున్నాను.

ముందుగా మాట అర్థం తేల్చుకుందాము. రైల్వే సోదరులకు మెకానికల్ అనగానే క్యారేజీ, వాగను, వర్క్‌షాపు గుర్తుకు వస్తాయి. భవన నిర్మాణ రంగంలో ఆ మాటకు అర్థం వేరు. గోడలు, కప్పు, నేల సివిల్ పని. ఆ గోడల మధ్య గాలిని నడిపే డక్టులు, చల్లదనాన్నిచ్చే యంత్రాలు, నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు, పంపులు, అగ్నిమాపక గొట్టాలు, లిఫ్టులు - ఇవన్నీ కలిసి మెకానికల్ పని. మనుషుని శరీరంతో పోల్చితే సివిల్ పని ఎముకల గూడు. మెకానికల్ పని ఊపిరితిత్తులు, రక్తనాళాలు. రైల్వేలో లిఫ్టులు, ఎయిర్ కండిషనింగ్ విద్యుత్ శాఖ అధీనంలో ఉంటాయి. తపాలా శాఖకు తన సివిల్ విభాగంతో పాటు విద్యుత్ విభాగం కూడా కలదు. పేరు ఏ శాఖదైనా, పని చేసేది మాత్రం కాంట్రాక్టరే. ఆ గాలి పీల్చేది మనమే.

ఇప్పుడే ఎందుకు?

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద దేశంలో 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి ఒకే రోజున శంకుస్థాపన జరిగినది. 2025 మే 22న 103 స్టేషన్లను ప్రారంభించినారు. తెలంగాణలో బేగంపేట, వరంగల్, కరీంనగర్, ఆంధ్రప్రదేశ్‌లో సూళ్లూరుపేట వాటిలో ఉన్నవి. అంతకు ముందే, 2023 ఏప్రిల్‌లో, సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణానికి శంకుస్థాపన చేసినారు. తపాలా శాఖకు 1868 నాటి కలకత్తా జనరల్ పోస్టాఫీసు, 1884 నాటి మద్రాసు జనరల్ పోస్టాఫీసు, 1913 నాటి బొంబాయి జనరల్ పోస్టాఫీసు వంటి పురాతన కట్టడాలు అనేకం ఉన్నవి. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు, ఎదురెదురు తలుపులతో గాలి ఆడునట్లు కట్టిన భవనాలవి. నేడు అటువంటి పాత కార్యాలయాలలో అడ్డ గోడలు లేపుతున్నారు, కిటికీలు మూస్తున్నారు, కిందికి దొంగకప్పు దించుతున్నారు, పైన యంత్రాలు పెడుతున్నారు.

ఈ మార్పులో అన్నిటికంటె ముందుగా స్థానభ్రంశం చెందేది స్టేషనులోని ఆర్.ఎం.ఎస్. కార్యాలయం, రన్నింగ్ రూము, పార్శిలు ఆఫీసు. ప్రయాణికునికి కనిపించే హాలుకు పాలరాయి వేయుదురు. ఉద్యోగిని కిందికి, వెనుకకు, కిటికీ లేని గదికి నెట్టుదురు. కావున రైల్వే సోదరునికి, తపాలా సోదరునికి ఒకే కప్పు కింద ఉమ్మడి సమస్య ఇది.

నేను చేసిన తప్పు

ఇతరులకు బోధించుటకు ముందు నా తప్పు నేను చెప్పుకొనవలెను. సుమారు పన్నెండేళ్ల క్రితం, నేను కార్యదర్శిగా ఉన్న ఒక శాఖ పరిధిలోని కార్యాలయ భవనానికి ఆధునికీకరణ జరిగినది. ఊరు, పేరు చెప్పను, అవసరం లేదు. ఏండ్ల తరబడి ఎయిర్ కండిషనింగ్ కోరినది మన సంఘమే. మంజూరు కాగానే మిఠాయి పంచుకున్నాము. టెండరు పత్రం చూద్దామన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

పని పూర్తయినది. కిటికీలు బిగించినారు. గోడలకు స్ప్లిట్ యంత్రాలు తగిలించినారు. మూడు నెలలు గడవకముందే మధ్యాహ్నం అయ్యేసరికి తలనొప్పి, మగత, కండ్ల మంట అని ఒకరి తరువాత ఒకరు చెప్పసాగినారు. వయసు మీద పడినదని కొందరు, సెల్‌ఫోను వల్లనని కొందరు అనుకున్నారు. చివరకు ఒక ఇంజనీరు మిత్రుడు వచ్చి చూచి, "అయ్యా, ఈ హాలులోనికి బయటి గాలి వచ్చే దారి ఒక్కటైనా ఉన్నదా?" అని అడిగినాడు. లేదు. స్ప్లిట్ యంత్రం గదిలోని గాలినే తీసుకుని, చల్లబరిచి, తిరిగి గదిలోకే వదులుతుందని, కొత్త గాలిని తేవడం దాని పని కాదని ఆ రోజు తెలుసుకున్నాను. నలభై మందిమి ఒకరు విడిచిన ఊపిరి ఒకరం పీల్చుకుంటున్నామన్న మాట!

అంతకన్న పెద్ద తప్పు మరొకటి ఉన్నది. పని ముగియుటకు కొద్ది రోజుల ముందు గొట్టాలు బిగించే పదకొండు మంది కుర్రవాళ్లు మన సంఘ కార్యాలయం మెట్ల మీదకు వచ్చి కూర్చున్నారు. రెండు నెలల కూలి ఇవ్వకుండా సబ్ కాంట్రాక్టరు కనిపించకుండా పోయినాడు. పెద్ద కాంట్రాక్టరును అడిగితే "మీరెవరో నాకు తెలియదు" అన్నాడట. నేను వారికి మంచినీళ్లిచ్చి, "మీరు మా సభ్యులు కారు గదా తమ్ముడూ, లేబరు ఆఫీసుకు వెళ్లండి" అని సాగనంపినాను. ఆ లేబరు ఆఫీసు ఎక్కడున్నదో వారికి చెప్పలేదు, వెంట వెళ్లలేదు. వారు మళ్లీ రాలేదు. వారు బిగించిన గొట్టాల కిందనే మేము సంవత్సరాలు పని చేసినాము.

ఆ రెండు సంగతులు వేరువేరనుకున్నాను అప్పుడు. కాదు. ఎవరికి పని అప్పగించినారు, ఏ షరతులపై అప్పగించినారు అన్న ఒకే ప్రశ్నకు అవి రెండు ఫలితాలు.

పొగ నేర్పిన పాఠాలు

తలనొప్పితో పోయినది గనుక మేము అదృష్టవంతులము. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయినారు. మంట పుట్టినది కింద ఉన్న ట్రాన్స్‌ఫార్మరులో. ప్రాణాలు పోయినది పైన బాల్కనీలో, పొగ వల్ల. 2011 డిసెంబరు 9న కలకత్తా నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో నేలమాళిగలో నిప్పు అంటుకొని, పొగ పై అంతస్తులకు పాకి, తొంభై మంది దాకా బలియైనారు. వారిలో అత్యధికులు మంచం మీద నుండి లేవలేని రోగులు. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ సముదాయంలో పొగలో చిక్కుకొని ఆరుగురు యువతీయువకులు ప్రాణాలు విడిచినారు.

మన ఇంటి సంగతి కూడా చెప్పుకొనవలెను. 2021 మార్చి 8 సాయంత్రం కలకత్తా స్ట్రాండ్ రోడ్డులోని రైల్వే కార్యాలయ భవనం, న్యూ కోయిలాఘాట్, 13వ అంతస్తులో నిప్పు రేగినది. తొమ్మిది మంది మరణించినారు. మంటలార్పడానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది నలుగురు, పోలీసు, రైల్వే రక్షక దళం, రైల్వే ఉద్యోగి వారిలో ఉన్నారు. పలువురి మృతదేహాలు లిఫ్టులో దొరికినవి.

ఈ దుర్ఘటనలన్నిటికీ కారణం ఒకటే అని నేను అనబోవుట లేదు. కాని, పొగకు కాళ్లు లేవు. గొట్టం కోసం గోడకు కొట్టి మూయకుండా వదిలిన రంధ్రం, నిప్పు పుట్టినపుడు కూడా తిరుగుతూనే ఉండే గాలి యంత్రం, తలుపు లేని కేబుల్ గూడు, మెట్లకు తెరుచుకున్న లిఫ్టు బావి - ఇవే దానికి కాళ్లు. ఇవన్నీ మెకానికల్ కాంట్రాక్టరు, విద్యుత్ కాంట్రాక్టరు చేతిలోని పనులు. భవనం కొత్తగా కట్టునపుడు వీటిని ఆలోచించి పెట్టుకొనవచ్చును. నడుస్తున్న పాత భవనానికి మార్పులు చేయునపుడు వీటిని మరచిపోవుట చాలా సులభం. అందుచేతనే కొత్త భవనం కాంట్రాక్టరుకు ఉండవలసిన అర్హతల కంటె, పాత భవనానికి పని చేయువానికి ఎక్కువ అర్హతలు ఉండవలెనని నా వాదన.

మొదటి షరతు: అనుభవం, అనుమతి

ప్రభుత్వ టెండర్లలో పూర్వానుభవానికి ఒక కొలత ఉన్నది. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో సూచించిన ప్రకారం, గత ఏడు సంవత్సరాలలో, అంచనా విలువలో 40 శాతానికి తగ్గని సమానమైన పనులు మూడు, లేదా 50 శాతానికి తగ్గనివి రెండు, లేదా 80 శాతానికి తగ్గనిది ఒకటి పూర్తి చేసి ఉండవలెను. అంటే కోటి రూపాయల పనికి 40 లక్షలవి మూడైనా, 50 లక్షలవి రెండైనా, 80 లక్షలది ఒకటైనా చూపవలెను. శాఖలను బట్టి ఈ అంకెలు కొంచెం మారును.

ఇందులో కీలకం అంకెలలో లేదు. "సమానమైన పని" అన్న మాటలో ఉన్నది. ఖాళీ స్థలంలో కొత్త గోదాముకు పంపులు బిగించినవాడు, రోజూ మూడువందల మంది పని చేసే ఎనభై ఏండ్ల భవనంలో డక్టులు వేయుటకు తగినవాడని ఎట్లు చెప్పగలము? జనం పని చేస్తుండగానే జరిగిన పునర్నిర్మాణ పని అని ఆ మాటకు నిర్వచనం టెండరులోనే రాయించవలెను.

ఇక అనుమతులు. విద్యుత్ పనికి రాష్ట్ర లైసెన్సింగు బోర్డు ఇచ్చిన కాంట్రాక్టరు లైసెన్సు, పర్యవేక్షకునికీ వైరుమెన్‌కూ పర్మిట్లు ఉండవలెను. లిఫ్టులకు ప్రత్యేక చట్టమున్న రాష్ట్రాలలో ఆ చట్టం ప్రకారం అనుమతి, తనిఖీ అవసరం. కాని ఎయిర్ కండిషనింగ్, గాలి గొట్టాల పనికి విద్యుత్ పనికున్నటువంటి లైసెన్సు పద్ధతి దేశవ్యాప్తంగా లేదు. అక్కడ జల్లెడ ఒక్కటే: టెండరు షరతు. ఆ జల్లెడకు పెద్ద రంధ్రాలుంటే ఎవరైనా జారి లోపలికి రాగలరు.

మరొక జాగ్రత్త. అన్ని పనులూ కలిపి ఒకే టెండరు పిలిచినపుడు ప్రధాన కాంట్రాక్టరు సివిల్ పనివాడై ఉండును. మెకానికల్ పనికి అర్హత గల మరొక సంస్థను జత చేసుకొనవలెనని కేంద్ర ప్రజా పనుల శాఖ పద్ధతి. కాగితం మీద జతపడిన సంస్థ ఒకటి, నిచ్చెన ఎక్కే మనుషులు మరొకరివారు అగుట మనం చూస్తూనే ఉన్నాము. జతపడిన సంస్థ ఇంజనీరు పని స్థలంలో ఉండవలెనని, దాని కింద మళ్లీ సబ్ కాంట్రాక్టు ఇవ్వరాదని, ఇచ్చినచో రాతపూర్వక అనుమతి ఉండవలెనని పట్టుబట్టవలెను.

రెండవ షరతు: ముందు పరిశీలన, తరువాత సుత్తి

పాత భవనంలో ఏమున్నదో తెలియకుండా గోడకు రంధ్రం కొట్టరాదు. దూలానికి, స్తంభానికి కోత పెట్టవలసి వస్తే నిర్మాణ ఇంజనీరు సంతకం కావలెను. వెయ్యి లీటర్ల నీరు ఒక టన్ను బరువు. పదివేల లీటర్ల తొట్టి మిద్దె మీద పెట్టుట అంటే, తొట్టి బరువు గాక, పది టన్నులు పెట్టుట. చెక్క దూలాలపై ఇటుకలు పేర్చి సున్నం వేసిన మద్రాసు మిద్దె, ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులు కట్టిన కప్పు అటువంటి బరువు కోసం కట్టినవి కావు. వాటి మీద తొట్టి గాని, కూలింగ్ టవరు గాని, యంత్రాల వరుస గాని పెట్టేముందు లెక్క చూపవలెను.

పాత పైకప్పు రేకులలో, పాత ఆవిరి గొట్టాలకు చుట్టిన పూతలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. దానిని పొడిగా కోసినా, పగులగొట్టినా కంటికి కనిపించని నార గాలిలో లేచి, ఊపిరితిత్తులలో చేరి, ఇరవై ముప్పై ఏండ్లకు క్యాన్సరుగా బయటపడగలదు. తీసే ముందు తడపవలెను, ఆ గదిని వేరు చేయవలెను, తీసినవానికి తగిన ముసుగు ఇవ్వవలెను, చెత్తను మూటకట్టి గుర్తు వేయవలెను. మధ్యాహ్న భోజన సమయంలో మన బల్లల పక్కనే రేకులు విరుస్తుంటే చూస్తూ ఊరకుండరాదు.

మూడవ షరతు: గాలికి లెక్క

ఎన్ని టన్నుల ఎయిర్ కండిషనింగ్ అని అడుగుట మనకు అలవాటు. సుమారు 907 కిలోల మంచును 24 గంటలలో కరిగించుటకు పట్టే ఉష్ణాన్ని తొలగించగల శక్తి ఒక టన్ను. అది దాదాపు 3.5 కిలోవాట్లకు సమానం. కూర్చొని పని చేసే మనిషి ఒక్కడు నూరు వాట్లకు పైగా వేడి విడుచును. నలభై మంది కూర్చున్న హాలులో మనుషుల వేడికే టన్నుకు మించి కావలెను. దీపాలు, కంప్యూటర్లు, కప్పు మీది ఎండ దీనికి అదనం.

కాని, ఎన్ని టన్నులు అన్నది సగం ప్రశ్న మాత్రమే. ఎన్ని లీటర్ల కొత్త గాలి అన్నది మిగిలిన సగం. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ఆష్రే ప్రమాణం ప్రకారం కార్యాలయాలలో ఒక్కొక్క మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, నేల వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు 0.3 లీటరు బయటి గాలి కావలెను. 200 చదరపు మీటర్ల హాలులో నలభై మంది ఉన్నారనుకుందాము. మనుషులకు 100 లీటర్లు, నేలకు 60 లీటర్లు, వెరసి సెకనుకు 160 లీటర్లు. ఈ గాలి ఏ దారిన వచ్చును, ఏ వడపోత గుండా వచ్చును, ఏ దారిన పోవును అన్నది కాంట్రాక్టరు తన నక్షాలో చూపవలెను. సంచులు దులిపే ఆర్.ఎం.ఎస్. గదికి, డీజిల్ పొగ తగిలే పార్శిలు గదికి ఇది చాలదు. అక్కడ దుమ్మును, పొగను పుట్టిన చోటనే లాగివేసే ఏర్పాటు కావలెను.

ఈ లెక్కలో మనుషుల సంఖ్య ఎవరు చెప్పినారో కూడా అడగండి. మంజూరైన పోస్టుల సంఖ్య వేసి, కాంట్రాక్టు సిబ్బందిని, కౌంటరు ముందు నిలబడే ప్రజలను వదిలివేయుట జరుగును. హాజరుపట్టీలో లేనంత మాత్రాన వారు ఊపిరి పీల్చుట మానరు. పని పూర్తయిన తరువాత చిన్న కార్బన్ డయాక్సైడు మీటరు ఒకటి బల్లపై పెట్టి చూడవచ్చును. బయటి గాలిలో అది పది లక్షలకు 420 పాళ్లకు కొంచెం అటూ ఇటూ ఉండును. గదిలో మధ్యాహ్నానికి అది వెయ్యి దాటి ఎక్కుతూ పోతుంటే కొత్త గాలి చాలుట లేదని అర్థం. ఈ ఒక్క పరీక్ష ఆ రోజులలో నాకు తెలిసి ఉంటే మా నలభై మంది తలనొప్పికి కారణం మొదటి వారంలోనే తేలిపోయి ఉండేది.

నాలుగవ షరతు: నిప్పు, వాయువు

వెల్డింగు, కోత, బ్రేజింగు చేయు ప్రతి రోజూ ఆ రోజుకు, ఆ స్థలానికి రాతపూర్వక అనుమతి ఉండవలెను. కాగితాలు, సంచులు ఉన్న చోట నిప్పురవ్వ పడకుండా కప్పవలెను. నిప్పునార్పే సిలిండరుతో ఒక మనిషి కాపలా ఉండవలెను. పని ఆగిన తరువాత కూడా కనీసం ఒక గంట ఆ మనిషి అక్కడనే ఉండవలెను. గోడ దాటే ప్రతి డక్టులో మంట తగిలితే మూసుకొను డాంపరు, గోడ దాటే ప్రతి గొట్టం చుట్టూ నిప్పుకు నిలిచే పూడిక, అగ్ని హెచ్చరిక మోగగానే గాలి యంత్రాలు తమంతట తామే ఆగు ఏర్పాటు ఉండవలెను. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో అగ్ని రక్షణకు నాలుగవ భాగం, ఎయిర్ కండిషనింగ్, లిఫ్టులు వంటి భవన సేవలకు ఎనిమిదవ భాగం, నీటి, మురుగు ఏర్పాట్లకు తొమ్మిదవ భాగం కేటాయించినారు. పని వీటి ప్రకారం జరుగునని టెండరులో రాయించవలెను.

శీతల వాయువుల సంగతి మరొకటి. పాత యంత్రాలలోని ఆర్-22 వంటి వాయువులు ఓజోను పొరకు హాని చేయునవి గనుక 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దశలవారీగా తొలగింపబడుచున్నవి. వాటిని గాలిలోకి వదలకుండా సిలిండరులోకి పట్టి అప్పగించవలెను. నేడు ఎక్కువగా వాడుతున్న ఆర్-32 కొద్దిగా మండే స్వభావం కలది. రాగి గొట్టాల ఒత్తిడి పరీక్ష నైట్రోజనుతోనే చేయవలెను. చేతికి దొరికినదని ఆక్సిజన్ సిలిండరు తగిలిస్తే, యంత్రంలోని నూనెతో కలిసి పేలును. నైట్రోజను సిలిండరు తేవడానికి బద్ధకించిన మేస్త్రీ వల్ల హెల్పరు ప్రాణం పోకూడదు.

ఐదవ షరతు: గొట్టం బిగించే మనిషి

ఇక్కడికి వచ్చుటకే ఇంత దూరం నడిచినాను. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం ఇరవై మందికి, ఆపైన వర్తించేది. 2025 నవంబరు 21 నుండి నాలుగు లేబర్ కోడ్లు అమలులోకి తెచ్చినారు. వృత్తి భద్రత కోడులో కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం వర్తించుటకు ఆ సంఖ్యను యాభైకి పెంచినారు. ఈ మార్పును మనం వ్యతిరేకించుటకు గల కారణం మెకానికల్ పనిలో స్పష్టంగా కనిపించును. డక్టు పనికి పదిహేను మంది, ప్లంబింగుకు పది మంది, ఫైరు గొట్టాలకు పన్నెండు మంది - ఒక్కొక్క సబ్ కాంట్రాక్టరు యాభైకి లోపే ఉండిపోవును. మా మెట్ల మీద కూర్చున్నవారు పదకొండు మంది!

చట్టం వదిలిన చోట టెండరు షరతు పట్టుకొనవలెను. యాభై సంఖ్య దాటిన చోట, కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే ప్రధాన యజమాని తానే చెల్లించి అతని బిల్లు నుండి రాబట్టుకొనవలెనని కోడులోనే ఉన్నది. సంఖ్యతో నిమిత్తం లేకుండా ఇదే నియమాన్ని ఒప్పందంలో చేర్చమని కోరవలెను. కనీస వేతనాల నియమం యాభై మంది లెక్క మీద ఆధారపడినది కాదు. కూలి బ్యాంకు ద్వారా చెల్లించినట్లు రుజువు చూపనిదే కాంట్రాక్టరు బిల్లు చెల్లించరాదు. ప్రావిడెంట్ ఫండు, ఇ.ఎస్.ఐ. వర్తించు చోట ఖాతా సంఖ్యలు చూపవలెను. పన్నెండు నెలలలో తొంభై రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుండి 60 ఏండ్ల లోపు కార్మికుడు సంక్షేమ బోర్డు సభ్యుడగుటకు అర్హుడు. ఆ తొంభై రోజుల పని ధ్రువపత్రం ఇవ్వడం కాంట్రాక్టరుకు ఖర్చు కాదు. ఇవ్వకపోవడం కార్మికునికి నష్టం.

ఎత్తున పని చేయువానికి బెల్టు, దానిని కట్టుటకు గట్టి ఆధారం, సరైన సారువ ఉండవలెను. మురుగు గొట్టం, సెప్టిక్ ట్యాంకు, మూతపడిన సంపు - ఇవి మృత్యు కుహరాలు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించి శుభ్రం చేయించుటను 2013 చట్టం నిషేధించినది. అట్లు మరణించినవారి కుటుంబానికి పది లక్షల రూపాయలు చెల్లించవలెనని సుప్రీం కోర్టు 2014లో ఆదేశించినది. 2023లో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచినది. ప్రాణానికి ఇది వెల కాదు. కాని, కూలి మనిషి దొరికినాడు గదా అని మూత తెరిచే అధికారికి ఈ సంఖ్య గుర్తు చేయుట మన విధి.

ఆరవ షరతు: అప్పగింత

రిబ్బను కత్తిరించుట అప్పగింత కాదు. నీటి గొట్టాలను పని చేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో పరీక్షించవలెను. ప్రతి గదికి చేరే గాలిని కొలిచి పట్టిక ఇవ్వవలెను. అగ్ని హెచ్చరిక మోగించి యంత్రాలు ఆగినవో లేదో అందరి ఎదుట చూపవలెను. వేసిన గొట్టాలు వేసినట్లుగా చూపు నక్షాలు, నిర్వహణ పుస్తకం అప్పగించి, మన నిర్వహణ సిబ్బందికి శిక్షణ ఇవ్వవలెను. లోపాలు సరిదిద్దే గడువు ముగిసే వరకు జమ సొమ్ము విడుదల చేయరాదు. ఆ గడువులో ఒక వేసవి, ఒక వర్షాకాలం తప్పక ఉండవలెను. ఎండ, వాన చూడని పనిని మంచి పని అని ఎట్లనగలము?

ఆక్షేపణలకు సమాధానం

ఇంత అడిగితే ధర పెరుగుననీ, తక్కువ ధర వేసినవానికే పని ఇవ్వవలెననీ అధికారులు అందురు. నిజమే. కాని, షరతులు అందరికీ ఒకటిగా ఉన్నపుడు, ఆ షరతులకు లోబడి తక్కువ వేసినవానికి ఇచ్చుటకు ఎవరికీ అభ్యంతరం లేదు. షరతే లేనపుడు తక్కువ ధర ఎక్కడి నుండి వచ్చును? గోడలో పూడ్చని రంధ్రం నుండి, కొనని డాంపరు నుండి, ఇవ్వని కూలి నుండి వచ్చును.

ఇది సంఘం పని కాదు, ఇంజనీర్ల పని అని మనలోనే కొందరందురు. నక్షా గీయుట ఇంజనీరు పనియే. ప్రశ్న అడుగుట మన పని. మనం అడిగిన ప్రశ్న, పై నుండి తొందర పెట్టబడుతున్న నిజాయితీ గల ఇంజనీరుకు బలం చేకూర్చును. ఇది నా అనుభవం. రైల్వేలో 1952 నుండి శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం, కేంద్ర ఉద్యోగులకు 1966 నుండి సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం ఉన్నవి. 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉన్నది. దారులు లేక కాదు, నడవక.

తక్షణ కర్తవ్యం

ప్రతి శాఖా కార్యదర్శి తన పరిధిలో పునర్నిర్మాణానికి ఎంపికైన భవనాల పట్టిక తయారు చేయవలెను. టెండరు పిలువకముందే, పిలిచిన తరువాత కాదు, పైన చెప్పిన ఆరు షరతులను సంప్రదింపుల సమావేశంలో రాతపూర్వకంగా ఉంచవలెను. ఆ భవనంలో పని చేయు రైల్వే, తపాలా సంఘాల నుండి ఒక్కొక్కరితో, నిర్వహణ విభాగపు ఫిట్టరు సోదరుడు ఒకరితో ఉమ్మడి పరిశీలక బృందం ఏర్పరచవలెను. ఆ బృందం వారానికొకమారు పని స్థలం చూడవలెను. చూచినపుడు గొట్టాలను మాత్రమే గాక, వాటిని బిగించే మనుషులను కూడా పలకరించవలెను: కూలి అందుతున్నదా, నీళ్లున్నవా, బెల్టు ఉన్నదా అని. సంఘ కార్యాలయం గోడపై ప్రాంతీయ లేబరు అధికారి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఉంచవలెను.

నేను చేయనిది మీరు చేయండి. ఎవరైనా మన మెట్ల మీదకు వచ్చి కూర్చుంటే, సభ్యత్వ రశీదు అడగవద్దు. లోపలికి పిలిచి, అర్జీ రాసి, వెంట నడవండి. ఆ పదకొండు మంది పేర్లు కూడా నేను ఆ రోజు రాసుకొనలేదు.

ఉద్యోగుల, కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!